దివాన్ దేవిడీ: మ్యూజియం మిగిలింది, ఇల్లు పోయింది

హైదరాబాద్ చూడవచ్చినవాళ్ళు చార్మినార్ తర్వాత అడిగేది సాలార్‌జంగ్ మ్యూజియం గురించే. మూసీ దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫాలో ఉన్న అర్ధచంద్రాకారపు భవనంలోనే అది మొదటినుంచీ ఉందని చాలామంది నమ్మకం. నిజానికి అది మెట్టినిల్లు. పుట్టిల్లు అక్కడికి దగ్గర్లోనే, పత్తర్‌గట్టీ పక్కన ఉండేది. దాని పేరు దివాన్ దేవిడీ. ఇప్పుడు ఆ ఇల్లు లేదు.

ఒకప్పుడు నిజాం రాజ్యపు మంచిచెడ్డలు ఆ ఇంట్లోనే తేలేవి. 1853లో బ్రిటిష్ వారికి పడ్డ బాకీ కింద బేరారు చేజారింది. ఖజానా ఖాళీ. అదే ఏడు మీర్ తురాబ్ అలీఖాన్ దివాన్, అంటే నిజాం ప్రధానమంత్రి, అయ్యాడు. వయసు ఇరవై నాలుగు. చరిత్రలో మొదటి సాలార్‌జంగ్ ఆయనే. ముప్ఫై ఏళ్ళు ఆయన ఆ పదవిలో ఉన్నాడు. పన్నుల వసూలును గుత్తేదారుల చేతుల్లోంచి తప్పించాడు. రాజ్యాన్ని జిల్లాలుగా విడదీశాడు. 1857 జూలైలో తిరుగుబాటుదారుడు తుర్రేబాజ్ ఖాన్ మనుషులు బ్రిటిష్ రెసిడెన్సీ మీద పడినప్పుడు ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలిచాడు. అందుకు ఆయన్ని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, ఇప్పటికీ క్షమించనివాళ్ళూ ఉన్నారు.

వీధిలో నిలబడితే ఆ దేవిడీ అంతు చిక్కేది కాదు. బయటికి కనబడేవి దర్వాజాలూ గోడలే. వైభవమంతా లోపలే. ఒక ఆవరణ దాటితే మరో ఆవరణ, మహలు దాటితే తోట. ఐనాఖానా నిండా అద్దాలు. చీనీఖానాలో గోడలకు పింగాణీ పళ్ళేలూ గిన్నెలే అలంకారం. లక్కడ్‌కోట్‌లో కొయ్యపని. ఇవి కాక నూర్ మహల్, నిజాం బాగ్. రాజా దీన్‌దయాళ్ కెమెరా ఆ చీనీఖానాను పట్టి ఉంచింది. ఈనాడు దాన్ని చూడాలంటే ఆ ఫోటోలే దిక్కు.

1876లో మొదటి సాలార్‌జంగ్ యూరప్ వెళ్ళాడు. రోములో బెంజోనీ చెక్కిన పాలరాతి రెబెకాను కొన్నాడు. మేలిముసుగు చాటున ముఖం కనిపించే ఆ శిల్పం దగ్గర ఈనాటికీ జనం కదలరు. 1883లో కలరా ఆయన్ని తీసుకుపోయింది. కొడుకు లాయక్ అలీఖాన్, రెండో సాలార్‌జంగ్, కూడా దివాన్‌గిరీ చేసి, 1889లో ఇరవై ఏడేళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. అప్పటికి ఆయన బిడ్డ యూసుఫ్ అలీఖాన్ కొన్ని వారాల పసికందు.

ఆ పసివాడే మూడో సాలార్‌జంగ్. 1912లో ఏడో నిజాం ఆయన్ని దివాన్ చేశాడు. రెండేళ్ళకే, 1914లో, ఆయన పదవి వదిలేసి ఇంటికొచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు. మిగిలిన బతుకంతా వస్తువుల సేకరణే. జేడ్ పిడుల బాకులు, పర్షియా తివాచీలు, అరబ్బీ ఫారసీ రాతప్రతులు, ఫ్రెంచి పింగాణీ, గంటగంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం. వచ్చిన జాగీరు రాబడి వచ్చినట్టే వీటికి ఖర్చయ్యేది. గదులు నిండిపోయాయి.

1949 మార్చి 2న ఆయన చనిపోయాడు. నిజాం రాజ్యాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య జరిగి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. ఆ ఆగస్టులోనే జాగీర్లు రద్దయ్యాయి. వారసత్వానికి బిడ్డ లేడు, ఖర్చులకు జాగీరు లేదు, ఆ ఇంటికి పేరు తెచ్చిన దివాన్ పదవికి ఆధారమైన రాజ్యమూ లేదు. ఒక్క ఏడాదిలోపే ఆ ఇంటి మూడు స్తంభాలూ ఒరిగాయి.

అయినా ఒక మంచి పని జరిగింది. హైదరాబాద్ పాలనాధికారి ఎం.కె. వెల్లోడి హయాంలో కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను పిలిపించి, చెల్లాచెదురుగా ఉన్న వస్తువులను ఒక వరుసలో పెట్టించారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ వచ్చి దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. నవాబు తిరిగిన గదుల్లోనే నవాబు వస్తువులు. వాటిని చూడవచ్చిన సామాన్యుడు ఇంటినీ చూసేవాడు. నిజానికి అక్కడున్న వాటిలో అన్నిటికంటే పెద్ద ప్రదర్శన వస్తువు ఆ ఇల్లే. దానికి మాత్రం ఎవరూ చీటీ అంటించలేదు.

ఆ తర్వాత వారసత్వ వ్యవహారం కోర్టుకెక్కింది. 1958లో బంధువులతో రాజీ కుదిరి సేకరణ భారత ప్రభుత్వానికి దక్కింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో వస్తువులన్నీ కొత్త భవనానికి తరలాయి. ఆ భవనం వెలుతురుకూ జనం రాకపోకలకూ అనువైనదే. వస్తువులకు చట్టం అండగా నిలిచింది. ఖాళీ అయిన ఇంటి పక్షాన ఏ చట్టమూ నిలవలేదు.

పాతబస్తీ నడిబొడ్డున అంత స్థలం ఉంటే బేరగాళ్ళు ఊరుకుంటారా? దేవిడీ ముక్కలు ముక్కలుగా చేతులు మారింది. అద్దాల మహలు పోయింది, పింగాణీ గోడలు పోయాయి, తోటల మీద దుకాణాల సముదాయాలు లేచాయి. నగరంలో వారసత్వ కట్టడాల రక్షణకు నిబంధనలు వచ్చింది 1990లలో. అప్పటికి ఇక్కడ కాపాడవలసింది పెద్దగా మిగల్లేదు. ఈనాడు దివాన్ దేవిడీ అంటే బట్టల బజారు. పాత కట్టడానికి గుర్తుగా నిలిచింది దర్వాజాలే.

ఈ పతనానికి మూసీ వరదా కారణం కాదు, శత్రువు ఫిరంగీ కారణం కాదు. వస్తువును దాచుకుంటే చరిత్రను దాచుకున్నట్టే అనుకోవడమే కారణం. కత్తి, గడియారం ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. ఆవరణను, తోటను, గదిలోకి పడే వెలుగును మోసుకుపోలేం. ఆ తేడా తెలియక ఈ నగరం పోగొట్టుకున్న దేవిడీ ఇదొక్కటే కాదు.

మ్యూజియం చూసి బయటికొచ్చినప్పుడు ఓ పావుగంట కేటాయించి పత్తర్‌గట్టీ వైపు నడవండి. ఆ దర్వాజాల కింద ఆగి పైకి చూడండి. వాటినైనా నిలబెట్టమని అధికారులను అడగండి. అడిగేవాళ్ళు లేకనే లోపలి ఇల్లు పోయింది.