అలక్షణ కుంభము

దహనానంతరం మిగిలిన అస్థులను ఏ పాత్రలో ఉంచాలి? ఇంటిలో ఎవరూ ముందుగా ఆలోచించుకొనే ప్రశ్న కాదిది. సంచయనానికి బయలుదేరే వేళ హఠాత్తుగా ఎదురవుతుంది. స్వదేశంలో పురోహితుడు కొత్త మట్టికుండ తెమ్మంటాడు, అంతటితో సరి. విదేశాలలోని మనవారికి మాత్రం అక్కడి అంత్యక్రియల సంస్థ ఒక బొమ్మల పుస్తకం చేతికిస్తుంది. ఇత్తడి, పాలరాయి, పింగాణి, నగిషీ చెక్క. తల్లిని పోగొట్టుకున్న కుమారుడు ఆ పుటలు తిప్పుతూ, తక్కువ వెలది ఎంచుకుంటే అమ్మను తక్కువ చేసినట్లవుతుందేమోనని కలవరపడతాడు. ఆ కలవరానికి మన ప్రాచీనుల వద్ద సమాధానం ఉన్నది.

ఆశ్వలాయన గృహ్యసూత్రం నాల్గవ అధ్యాయం అస్థిసంచయనాన్ని విధిస్తూ, పురుషుని అస్థులకు అలక్షణమైన కుంభాన్ని, స్త్రీ అస్థులకు అలక్షణమైన కుంభిని చెప్పింది. అలక్షణమనగా విశేషచిహ్నాలు లేనిది. పాత్రను గురించి సూత్రకారుడు పలికినది అంతమాత్రమే. ఆయన శ్రద్ధ అంతా చేతివ్రేళ్ల మీద ఉన్నది. అంగుష్ఠంతోను అనామికతోను ఒక్కొక్క అస్థినే తీయాలి. చప్పుడు కాకుండా పాత్రలో ఉంచాలి. పాదాలతో ఆరంభించి శిరస్సుతో ముగించాలి. చప్పుడు కాకుండా అన్న ఆ మాట చదివినప్పుడల్లా నేను కొంతసేపు ఆగిపోతాను. నిద్రించేవారి పక్కన మెలగే రీతి అది. పిమ్మట వాననీరు తప్ప ఇతర జలప్రవాహం చేరని చోట గర్త త్రవ్వి కుంభాన్ని అందులో ఉంచి, మూత మూసి, వెనుదిరిగి చూడకుండా రావాలి. ఇక్కడ గంగ ప్రసక్తి లేదు. ఆనాటి కుంభానికి భూమియే తుదినెలవు.

దక్షిణాపథంలోనూ కుంభం భూమిలోనే ఉండేది. తామ్రపర్ణీ తీరాన ఆదిచ్చనల్లూరులో అలెగ్జాండర్ రీ త్రవ్వించిన చోట పెద్దపెద్ద మట్టికాగులు వరుసలుగా బయల్పడ్డాయి. తమిళుల పుఱనానూఱులో భర్తను కోల్పోయిన ఒక స్త్రీ కుమ్మరిని వేడుకొంటుంది, కాగును తనకు కూడా చోటుండేంత వెడల్పుగా చేయమని. పాత్రను ఎంచుకొన్నవారి కంఠస్వరం మనకు అంత ప్రాచీనంగా వినిపించే చోటు మరొకటి నేనెరుగను. ఆమె అడిగినది అలంకారం కాదు, చోటు.

ఆ రీ మహాశయుడే అంతకు కొన్నేండ్ల ముందు, 1892లో, మన కృష్ణాతీరపు భట్టిప్రోలు స్తూపాన్ని త్రవ్వించారు. అక్కడ దృశ్యం వేరు. శిలాపేటికలో నల్లరాతి భరిణె, దానిలో స్ఫటికపాత్ర, స్వర్ణపుష్పాలు. పేటికల మీద బ్రాహ్మీ లిపిలో బుద్ధ శరీరధాతువుల ప్రస్తావన, కుబీరకుడనే రాజు పేరు. ఇది తరతరాలు అర్చించడానికి నిలుపుకొన్న ధాతువు, అందుచేత స్ఫటికం తగినదే. నిలుపుకోదలచినవారు శాశ్వతమైన పాత్రను ఎన్నుకొంటారు. గృహస్థుడు తన తండ్రి అస్థులను నిలుపుకోదలచలేదు.

భూగర్తం నుండి నదికి దృష్టి మరలిన తరువాత కుంభానికి పని మారింది. సగరపుత్రుల భస్మరాశిని గంగ తడిపిన గాథలో అసలు పాత్రయే లేదు. నదియే భస్మం వద్దకు వచ్చింది. మనం భగీరథులం కాము గనుక భస్మాన్నే నది వద్దకు మోసుకుపోతున్నాము. నివాసమైన కుంభం వాహనమైంది. రైళ్లు లేని కాలంలో ఆ ప్రయాణం ఎంతటిదో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చెబుతుంది: 1830 మే 18న చెన్నపట్నం విడిచినవారు 1831 సెప్టెంబరు 3న గాని తిరిగి చేరలేదు. అంతటి బాటలో మట్టికుండ నిలవడం కష్టం. రాగిచెంబు, చెక్కపెట్టె వంటివి వాడుకలోకి రావడానికి వైభవం కన్న బాటయే కారణమని నా అభిప్రాయం.

వాహనం దారిలో ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. మహాత్మాగాంధీ అస్థులు రాగి కలశంలో ప్రయాగ చేరి 1948 ఫిబ్రవరి 12న సంగమంలో కలిశాయి. దేశమంతటా పంచిన భాగాలలో ఒకటి మాత్రం చెక్కపెట్టెలో కటక్ నగరపు ఒక బ్యాంకు లాకరులో ఉండిపోయింది. ప్రపౌత్రుడు తుషార్ గాంధీ దానిని 1997 జనవరి 30న ప్రయాగలో నిమజ్జనం చేశారు. శ్యామ్‌జీ కృష్ణవర్మ 1930లో జెనీవాలో గతించారు. స్వతంత్రభారతానికి తన అస్థులు చేరాలని ముందే ఏర్పాటు చేసుకొన్నారు. ఆయనవి, ధర్మపత్ని భానుమతీదేవివి అక్కడి శ్మశానంలో వేచి వేచి 2003 ఆగస్టులో గుజరాత్ చేరాయి. డెబ్బైమూడేండ్లు! వారి విషయంలో కలశం నిజంగా కాపలా కాసింది.

ఇక ఆ బొమ్మల పుస్తకం ముందున్న కుమారునికి. అమెరికా విమానాశ్రయాల తనిఖీలో ఎక్స్‌రే కిరణాలు చొరలేని పాత్రను లోనికి అనుమతించరు. మందపు లోహకలశం అక్కడే ఆగిపోతుంది. పలుచని చెక్కపెట్టె సాగిపోతుంది. దాని మూత సులభంగా తెరుచుకొనేదిగా చూసుకోండి, మూతను అతికించివేయవద్దని ముందే చెప్పండి. రాజమహేంద్రవరం రేవుకు చేరాక ఒక కొత్త కుండ కొనండి. పెట్టెలోనిది కుండలోకి మార్చేటప్పుడు తొందరపడక, చప్పుడు కాకుండా మార్చండి.