చొప్ప నుంచి వరిగడ్డికి: జగిత్యాల, సిరిసిల్ల దూడల మేతలో ఖనిజ లవణాల చరిత్ర

పాలలో కాల్షియం, భాస్వరం దండిగా ఉంటాయి. ఇనుము, రాగి చాలా తక్కువ. అందుకే పాలు తగ్గి మేతకు అలవాటుపడే వయసులో దూడకు కావలసిన ఖనిజాలన్నీ మేతలోనే దొరకాలి. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఆ మేత అరవై ఏళ్లలో బాగా మారింది. లవణ మిశ్రమం అవసరం పెరగడానికి ముఖ్య కారణం ఇదే.

కాలువలు రాకముందు ఇక్కడి చెలకల్లో జొన్న, మొక్కజొన్న, కంది, పెసర పండేవి. పశువులకు జొన్న చొప్ప, పప్పుల పొట్టు, గానుగ పిండి పెట్టేవారు. పగలు బీళ్లలో, చెరువు శిఖాల్లో మేపేవారు. పప్పు పంటల ఆకు, పొట్టు వల్ల కాల్షియం అందేది. విడిగా ఇచ్చే ఖనిజం కుడితిలో వేసే ఉప్పు ఒక్కటే. సముద్రతీరం లేని నిజాం రాజ్యానికి ఆ ఉప్పు బయటి నుంచే రావాలి. రైళ్లు రాకముందు బంజారాలు దాన్ని ఎడ్ల మీద తెచ్చి ఊరూరా అమ్మేవారు.

1963 జులై 26న శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. కాకతీయ కాలువ నీటితో కోరుట్ల, జగిత్యాల వైపు వరి విస్తరించింది. జగిత్యాల దగ్గరి పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ‘జగిత్యాల సన్నాలు’ రకం పేరు తెచ్చుకుంది. సిరిసిల్ల వైపు చెరువులు, బావులు, నర్మాల దగ్గరి ఎగువ మానేరు జలాశయం ఆధారం. బోర్లు పెరిగాక అక్కడా వరి హెచ్చింది. క్రమంగా చొప్ప వామి తగ్గి గడ్డివాము పెరిగింది.

వరిగడ్డి కడుపు నింపుతుంది గానీ అందులో భాస్వరం 0.1 శాతం అటూఇటూ మాత్రమే. దానిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి పట్టనివ్వవు. తవుడులో భాస్వరం ఎక్కువైనా కాల్షియం బహు తక్కువ. తెలంగాణ నేలల్లో జింకు లోపం విస్తారంగా ఉండటంతో మేతలోనూ ఆ లోటు కనబడుతుంది. అలాంటి దూడ మట్టి నాకుతుంది, పలుపుతాడు నములుతుంది, గుడ్డపేలికలు మింగుతుంది. పశువైద్యులు దీన్ని పైకా అంటారు. కడుపులో నట్టలున్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. రాగి చాలకపోతే వెంట్రుకల రంగు వెలిసిపోతుంది, జింకు లోపిస్తే చర్మం మొద్దుబారుతుంది. భాస్వరం లేని బీళ్లలో పశువులు ఎముకలు కొరకడాన్ని దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థీలర్ 20వ శతాబ్దం తొలి దశకాల్లోనే పరిశోధించారు.

1970లో మొదలైన క్షీరవిప్లవంతో పాల సేకరణ, సంకరజాతి ఆవుల పెంపకం ఊపందుకున్నాయి. త్వరగా ఎదిగే పెయ్యదూడలకు ఖనిజాల అవసరం కూడా ఎక్కువే. పూర్వం మిశ్రమాల్లో శుద్ధిచేసిన ఎముకల పొడి వాడేవారు. తరువాత డైకాల్షియం ఫాస్ఫేట్ వాడకం పెరిగింది. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 1664 కింద నాణ్యతకు కొలతలు పెట్టింది. ఉప్పు కలపని మిశ్రమంలో కాల్షియం కనీసం 20 శాతం, భాస్వరం 12 శాతం ఉండాలి. కోరుట్లలో పశువైద్య కళాశాల రావడంతో ఈ చదువు జిల్లా రైతుకు దగ్గరైంది. మొదట తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్న ఆ కళాశాల రాష్ట్ర విభజన తరువాత పి.వి. నరసింహారావు పేరిట ఏర్పడిన తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో చేరింది.

దూడకు రోజుకు 20–25 గ్రాముల మిశ్రమం చాలు. దూడల దాణాలో నూటికి రెండు పాళ్లు మిశ్రమం, ఒక పాలు ఉప్పు కలపడం వాడుక. నట్టల మందు వేయనిదే దీని ఫలితం పూర్తిగా దక్కదు. ఈ శ్రద్ధ అన్ని దూడలకూ సమంగా అందడం లేదు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించే ఈ ప్రాంతంలోనే, ట్రాక్టర్లు వచ్చి దుక్కిటెద్దుల పని పోయాక పాడి ఇళ్లలో కోడెదూడ గిరాకీ తగ్గింది. పాలిచ్చే పశువుగా ఎదిగే పెయ్యకే దాణా, లవణాలు ముందుగా దక్కుతున్నాయి.