"మీకు తోచింది ఇవ్వండి" అనే మాట ఎక్కడిది?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన హాస్టళ్లలో డప్పు బాగా కొట్టే పిల్లలు ఉన్నారు. పెళ్లి ఊరేగింపుకో, వినాయకుడి నిమజ్జనానికో పిలుస్తారు. ఎంత తీసుకుంటారు అని అడిగితే మన నోట వచ్చేది ఒకటే: "మీకు తోచింది ఇవ్వండి." రాత్రి ఒంటిగంట దాకా కొట్టాక వాళ్లకు తోచేది ఎంతో మనకు తెలుసు. అదే పెళ్లికి వంటాయన, షామియానా ఆయన, డీజే ఆయన రేటు ముందే చెప్తారు. మనకెందుకు నోరు రాదు?

గుంటూరు, ప్రకాశం ఊళ్లలో వెనకటి రోజుల్లో డప్పుకు రేటు లేదు, మేర ఉండేది. మేర అంటే పంట నూర్చాక కళ్లంలో రైతు కొలిచి ఇచ్చే గింజలు. దానికి బదులు మాదిగ కుటుంబాలు ఏడాదంతా చావుకి, జాతరకి, ఊరేగింపుకి డప్పు కొట్టాలి, చాటింపు వేయాలి. చావులు రెండైనా ఇరవై అయినా మేర అంతే. అన్నిటికన్నా ముఖ్యం, "ఈ రోజు రాను" అనే వీలు లేదు. రాను అనలేని మనిషి ఇంత కావాలని ఎట్లా అడుగుతాడు? రాజ్యాంగం 23వ అధికరణ 1950 నుంచే వెట్టిని నిషేధించింది. ఊళ్లోకి అది రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

సన్నాయి మేళం సంగతి వేరు. నాయీబ్రాహ్మణులు, మన జిల్లాల్లో అయితే దూదేకుల సాయిబులు కూడా సన్నాయి పట్టారు. గుడిలో వాయించేవాళ్లకు మాన్యం భూమి ఉండేది. పెళ్లికి పిలవాలంటే తాంబూలంలో బయానా పెట్టి ఇవ్వాలి. తాంబూలం అందుకుంటే ఆ ముహూర్తం ఖాయమైనట్టు, అందుకోకపోతే రానట్టు. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి 1977లో పద్మశ్రీ అందుకున్నారు. అంత పేరున్నవాళ్లకి ఊరి కట్టుబాటు రేటు పెట్టదు, పేరే పెడుతుంది. సన్నాయికి బయానా, డప్పుకి గింజలు! రెండూ ఒకే పెళ్లిలో మోగేవే కదా.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మిగిలినవాళ్లు చీరాల వెళ్లిపోయారు, తిరిగి ఊళ్లో ఊడిగానికి పోలేదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా ఉద్యమం పుట్టింది. ఊరి చాటింపు పేరునే వాళ్లు తమ ఉద్యమానికి పెట్టుకున్నారు, అది మాకు చాలా నచ్చింది. ఆ కాలంలో డప్పు వదిలేసినవాళ్లున్నారు, డబ్బులు మాట్లాడుకున్నాకే కొడతాం అన్నవాళ్లూ ఉన్నారు. డప్పుకి రేటు వచ్చింది ఆ రెండో మాట నుంచే. ఇప్పుడు డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను వస్తోంది గానీ, అది ముసలితనానికి ఆసరా, కొట్టినదానికి కూలి కాదు.

మన తండాల్లో కూడా ధాడీలు గోత్రాల చరిత్ర పాడేవారు. వాళ్లకి ఇచ్చేది కూడా మర్యాదే, రేటు కాదు. కాకపోతే అక్కడ ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఒకే జనం, అందుకని మేరతో కలిపి చూడకూడదని మా అభిప్రాయం.

ఇక లెక్క. మాఘం, ఫాల్గుణంలో పెళ్లిళ్లూ మిరపకోతలూ ఒకేసారి వస్తాయి. ఆ రోజు కోతకి పోతే మనిషికి వచ్చే కూలి ఎంతో, అది అడుగు రేటు. రాత్రి మేలుకున్నందుకు, రానుపోను ఆటోకి, డప్పు మూతకి దానిపైన కలపాలి. తలకింత అని కాకుండా జట్టు మొత్తానికి చెప్పాలి, లేకపోతే చిన్నపిల్లలకి సగం ఇస్తారు. సగం బయానా ముందే తీసుకోవాలి. ఆషాఢంలో, మూఢమిలో ఎట్లాగూ పిలుపులుండవు, అప్పుడు బేరం తగ్గించినా తప్పులేదు.

మీ తండాలో, మీ కాలనీలో వాయించేవాళ్లకు వెనక ఏమి ఇచ్చేవారో తాతల్ని, నాయనమ్మల్ని అడిగి కింద రాయండి. గింజలా, గుడ్డలా, డబ్బులా, ఏదైనా సరే, ఊరి పేరుతో సహా రాయండి.