ఇరుసు విరిగిన నష్టమెవరిది?

లేపాక్షిలోని ఏకశిలా నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు గలది. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున, పెనుకొండలో అధికారిగా నుండిన విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు ఇచ్చటి వీరభద్రాలయమును కట్టించిరి. నందిని శిల్పులు ఒకే రాతిగుండునుండి మలచిరి. అంతటి బరువును బండ్లపై దూరము తరలించుట సులభము కాదు. రాయి శిల్పియొద్దకు వచ్చుటకంటె శిల్పి రాతియొద్దకు పోవుట మేలు.

నేటి సంగతి వేరు. లేపాక్షికి తూర్పున, కొడికొండ మీదుగా 44వ జాతీయ రహదారి పోవుచున్నది. గాలిమరల రెక్కలు, విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్లు, కర్మాగారముల యంత్రములు ఇట్టి రహదారులపైననే ప్రయాణము చేయును. ధర్మవరము, పెనుకొండల నడుమనున్న రామగిరి ప్రాంతపు కొండలపై 1990 దశాబ్దములోనే గాలిమరలు నిలిచినవి. వాని భాగములన్నియు రోడ్డుమీద వచ్చినవే.

పొడవైన బండి మలుపు తిరుగునపుడు, వెనుక చక్రములు ముందు చక్రముల జాడలో నడువవు. మలుపు లోపలివైపునకు కోసికొని పోవును. చక్రములకు వెనుకగా పొడుచుకొనివచ్చిన సరకు కొన బయటివైపును ఊడ్చుకొని పోవును. లారీ దాటిపోయినదని రోడ్డు అంచున గొఱ్ఱెల కాపరి నిశ్చింతగా నున్నవేళ, ప్రమాదము బండి తోకనుండి వచ్చును. బండి యజమాని ఒక రాష్ట్రమువాడు, సరకు యజమాని వేరొక రాష్ట్రమువాడు, డ్రైవరు మరియొక చోటివాడు. కాపరి కుటుంబమునకు సమాధానము చెప్పవలసినది ఎవరు?

పాత ధర్మశాస్త్రములలో

ఈ ప్రశ్న లారీలతో పుట్టినది కాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున బండి ప్రమాదములను గూర్చిన నియమములు కలవు. ముకుత్రాడు తెగినను, కాడి విరిగినను, ఇరుసు గాని చక్రము గాని విరిగినను, పగ్గములు తెగినను, తొలగుమని తోలువాడు కేకవేసియున్నను శిక్ష లేదు. ఇట్టి మినహాయింపులు మొత్తము పది. తోలువాని అసమర్థతవలన బండి దారి తప్పి హాని కలిగినచో యజమానికి 200 పణముల దండన. తోలువాడు నేర్పరియైనచో దండన వానికే.

నేర్పులేనివానిని బండిపై కూర్చుండబెట్టినది యజమాని కనుక తప్పు అతనిది అను భావము ఇందు స్పష్టముగా నున్నది. కాని రెండు లోపములు కలవు. దండుగ రాజునకు చెందును. దెబ్బతిన్నవాని ఇంటికి రాదు. రెండవది, ఇరుసు విరిగినదని చెప్పిన యజమాని తప్పించుకొనును. ఆ తరువాతి చరిత్ర చాలవరకు ఈ రెండు లోపములను సరిదిద్దిన చరిత్రయే.

1855 నుండి 1956 వరకు

ఇంగ్లాండు పాత న్యాయమున, మనిషి చనిపోయినచో అతని దావా అతనితోనే చచ్చెడిది. కాలు విరిగినవానికి పరిహారము రావచ్చును. ప్రాణము పోయినవాని భార్యకు రాదు! 1846లో అచ్చటి పార్లమెంటు దీనిని మార్చెను. దానిని అనుసరించి 1855లో భారతదేశమున మారణ ప్రమాదముల చట్టము వచ్చెను. భార్య లేక భర్త, తల్లిదండ్రులు, బిడ్డలు పరిహారము కోరవచ్చునని అది చెప్పెను. అయితే సివిలు కోర్టులో రుసుము చెల్లించి, ఎదుటివాని తప్పును నిరూపింపవలెను. కూలివానికి ఆ దారి దూరము.

తీర్పు గెలిచినను యజమానియొద్ద సొమ్ము లేనిచో ఫలమేమి? 1939 నాటి మోటారు వాహనముల చట్టము దీనికి మార్గము చూపెను. బాటసారుల కొరకు ప్రతి వాహనమునకు బీమా తప్పనిసరి యయ్యెను. ఆ నియమము 1946 జులై 1 నుండి అమలులోనికి వచ్చెను. 1956 సవరణ పరిహారపు దావాలకై ప్రత్యేక ట్రిబ్యునళ్ళకు వీలు కల్పించెను.

హైదరాబాదు వెలిగించిన ప్రశ్న

తప్పును నిరూపించు భారము మాత్రము మిగిలియుండెను. ప్రమాదము చూచినవాడు చనిపోయినవాడే యైనచో సాక్ష్యమెవరు చెప్పుదురు? బీమా తప్పనిసరి చేసిన తరువాత, బాధితుడు నిర్లక్ష్యమును నిరూపింపనక్కరలేదని 1976లో ప్రకటితమైన ఒక తీర్పున ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పలికెను. 1977లో సుప్రీంకోర్టు దీనిని అంగీకరింపలేదు. తప్పు లేనిదే బాధ్యత లేదు, చట్టము మార్చనిదే ఇది మారదు అని తీర్పు చెప్పెను. అయితే యంత్రములో లోపము కలిగినదను యజమాని, తాను తగిన జాగ్రత్త వహించితినని తానే నిరూపింపవలెననియు ఆ తీర్పులోనే కలదు. ఇరుసు విరుగుట ఇక స్వయముగా మినహాయింపు కాదన్నమాట.

1982లో పార్లమెంటు చట్టమును మార్చెను. తప్పుతో నిమిత్తము లేకుండ మరణమునకు 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యమునకు 7,500 రూపాయలు ఇయ్యవలెను. 1988 చట్టము వీనిని 25,000, 12,000 చేసెను. 1994లో అవి రెట్టింపుకు చేరువయ్యెను.

ఆ సంవత్సరములలోనే రాష్ట్రమున ఒక మహాభారము కదలెను. భువనగిరి దగ్గర రాయగిరిలో చెక్కిన బుద్ధ విగ్రహము 300 టన్నులకు మించినది. 1988లో దానిని 192 చక్రముల ట్రెయిలరుపై హైదరాబాదునకు తెచ్చిరి. 192 చక్రములు బరువును పంచుకొన్నందున ఒక్కొక్కదానిపై పడిన భారము రెండు టన్నులకు అటునిటు మాత్రమే. రోడ్డు దానిని మోయగలిగెను. కాని 1990 మార్చి 10న హుస్సేన్‌సాగరులో పడవపై తరలించుచుండగా విగ్రహము ఒరిగి మునిగిపోయెను. పలువురు పనివారు మరణించిరి. 1992 డిసెంబరు 1న గాని విగ్రహము నిలువలేదు.

చక్రములపై నున్నంతకాలము ఆ బరువు మోటారు చట్టపు పరిధిలోనిది. పడవనెక్కిన క్షణమున ఆ పరిధి దాటినది. పనిలో మరణించిన కార్మికుల విషయమున ఆనాడు అమలులో నుండినది 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టము. తప్పుతో నిమిత్తము లేకుండ యజమాని పరిహారమియ్యవలెనని అది ముందే చెప్పియుండెను. కర్మాగారమున 1923లో ఒప్పుకొన్న న్యాయము రోడ్డుమీదికి వచ్చుటకు 59 సంవత్సరములు పట్టెను.

పగిలిన టైరు

1868లో ఇంగ్లాండున ఒక తీర్పు వచ్చెను. ఒకడు తన భూమిలో జలాశయము కట్టగా, నీరు పొరుగువాని గనిలోనికి దూకెను. ప్రమాదకరమైన దానిని తెచ్చి పెట్టుకొన్నవాడే, అది తప్పించుకొన్నపుడు నష్టము భరింపవలెనని న్యాయమూర్తులనిరి. తన చెరువుకట్ట తెగి పొరుగు చేను మునిగినచో రైతు ఎట్లు సమాధానము చెప్పునో ఇదియు అట్లే. 2001లో సుప్రీంకోర్టు ఈ సూత్రమును మోటారు ప్రమాదమునకు అన్వయించెను. టైరు పగిలి ఒక జీపు బోల్తాపడగా, దారిన నడుచుచున్న మనిషి మరణించెను. డ్రైవరు నిర్లక్ష్యము లేదని కింది న్యాయస్థానములు దావాను కొట్టివేసినను, సుప్రీంకోర్టు పరిహారమిప్పించెను. విరిగిన చక్రమునకు మనుస్మృతి ఇచ్చిన మినహాయింపు ఈ విధముగా తొలగెను.

నేటి లెక్క

1989 నాటి కేంద్ర నియమముల ప్రకారము లారీ వెడల్పు 2.6 మీటర్లు మించరాదు. అంతకు మించిన సరకునకు ప్రత్యేకానుమతి కావలెను. అనుమతి దారినిచ్చును గాని ప్రమాద బాధ్యతను తుడిచివేయదు. సరకు బండి హద్దులను దాటి పొడుచుకొనివచ్చినచో 2019 సవరణ 20,000 రూపాయల జరిమానా విధించెను. అదే సవరణవలన, 2022 ఏప్రిల్ 1 నుండి, తప్పు నిరూపింపకయే మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు కోరవచ్చును. ఆ మొత్తమును స్వీకరించినచో ట్రిబ్యునలులోని దావా రద్దగును.

తప్పును నిరూపించినచో పరిహారము గణితము ననుసరించి వచ్చును. నెలకు 12,000 రూపాయలు సంపాదించు 30 ఏండ్ల స్వయంవృత్తివాడు మరణించెననుకొందము. భార్య, తల్లి, ఇద్దరు బిడ్డలు అతనిపై ఆధారపడినవారు. భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతము కలుపగా 16,800. సొంత ఖర్చునకు నాలుగవ వంతు తీసివేయగా 12,600. ఏడాదికి 1,51,200. ఆ వయస్సునకు సుప్రీంకోర్టు 2009లో నిర్ణయించిన గుణకము 17. మొత్తము 25,70,400 రూపాయలు. ఇతర చిన్న మొత్తములు దీనికి అదనము.

దావాను ప్రమాదము జరిగిన చోటనే గాక, బాధితులు నివసించు చోటి ట్రిబ్యునలులోను వేయవచ్చును. యజమాని ఊరు వెదకికొని పోనక్కరలేదు. లారీకి పర్మిట్టు లేదన్న వివాదము వచ్చినను, బీమా సంస్థ ముందు బాధితులకు చెల్లించి పిమ్మట యజమానినుండి రాబట్టుకొనవలెనని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించిన సందర్భము కలదు.

డ్రైవరు జైలుకు పోయినంత మాత్రమున చనిపోయినవాని ఇంట పొయ్యి వెలుగదు. అందుచేతనే శిక్ష వేరు, పరిహారము వేరు అయినవి. బరువును కదలించి లాభము పొందువాడే దాని అపాయమును గూడ మోయవలెను. రోడ్డు అంచున నిలిచిన కాపరి కాదు. ఈ చిన్నమాట చట్టమునకెక్కుటకు శతాబ్దములు పట్టెను.