సిద్దెలోని నూనె

మత్తయి సువార్త 25వ అధ్యాయములోని పదిమంది కన్యకల ఉపమానము మన సంఘములలో చిన్న బిడ్డలకును తెలియును. అందరి చేతులలోను దివిటీలుండెను. భేదమంతయు సిద్దెలోని నూనెయందే యుండెను. దానిని జ్ఞాపకముంచుకొని, ఒక మిషనెరీ వైమానికుని చరిత్రను ధ్యానింతము.

నేట్ సెయింట్ 1923వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో జన్మించెను. 1948లో ఆయన తన భార్యతో దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ దేశమునకు వెళ్లి, షెల్ మేరా అను స్థలమున కాపురముండెను. అచ్చటినుండి తూర్పుగా అంతయు మహారణ్యము. కాలినడకను దినములు పట్టు దూరమును ఆయన చిన్న విమానము నిమిషములలో దాటెడిది. అడవిలోని దైవసేవకులకు మందులు, ఆహారము, ఉత్తరములు చేర్చుటయు, రోగులను వైద్యునియొద్దకు తెచ్చుటయు ఆయన పరిచర్య.

అయితే ఆ విమానమునకు ఇంజను ఒక్కటే. క్రింద ఎటు చూచినను చెట్లే గాని దిగుటకు చోటు లేదు. ఇంజను ఎంత చక్కనిదైనను, పెట్రోలు వచ్చు గొట్టములో చెత్త అడ్డుపడినచో ఆగిపోవును. చేనిలో నీళ్లు తోడు ఆయిలింజను అట్లు ఆగినప్పుడు, రైతు గొట్టము విప్పి, ఊది, మరల నడిపించుకొనును. ఆకాశములో ఆ వ్యవధి యెక్కడిది?

నేట్ ఈ సంగతి యోచించి, అసలు టాంకుతో సంబంధము లేని మరియొక చిన్న టాంకును అమర్చదలచెను. అందుకు ఆయన మొదట వాడినవి వంటనూనె డబ్బాలు! వాటిని టంకముతో అతికి, విమానము వెలుపల, రెక్క క్రింద బిగించెను. దానినుండి వేరొక గొట్టము వేసి, పెట్రోలు పాత మార్గమున గాక తిన్నగా ఇంజనులోనికి చేరునట్లు చేసి, తన చేతికందు చోట చిన్న కొళాయి పెట్టెను. పిమ్మట పైకెగిరి, పరీక్షకై అసలు పెట్రోలును తానే కట్టివేసెను. కొళాయి త్రిప్పగానే ఇంజను మరల మ్రోగెను.

ఇందులో రెండు పాఠములున్నవి. మొదటిది, ఆ టాంకు వేరుగా నుండవలెను. పాత టాంకునుండియే రెండవ గొట్టము వేసిన, అదే చెత్త రెంటిలోను వచ్చును. ఆదివారపు ఆరాధన మీదను, తల్లి ప్రార్థన మీదను మాత్రమే నడచు విశ్వాసికి తన స్వంత సిద్దె లేదు. రెండవది, దానిని నేలమీదనే అమర్చుకొనవలెను. పెండ్లికుమారుడు వచ్చుచున్నాడను కేక విన్న తరువాత అంగడికి పోయినవారి గతి మనమెరుగుదుము.

ఇంత ముందుచూపుగలవాడు దీర్ఘకాలము బ్రదుకునని తలంతుము. అట్లు జరుగలేదు. ఆ అడవిలో వౌరానీ అను జాతివారుండిరి. 1955 అక్టోబరు మొదలుకొని నేటును, ఆయన స్నేహితులును విమానమునుండి వారికి బహుమానములు దింపుచు వచ్చిరి. పిమ్మట కురారాయ్ నది ఇసుకతిన్నెపై దిగిరి. 1956 జనవరి 8న నేట్ సెయింట్, జిమ్ ఎలియట్, ఎడ్ మెకల్లీ, పీట్ ఫ్లెమింగ్, రోజర్ యుడేరియన్ అను ఐదుగురును అచ్చటనే ఈటెలపాలైరి. నేటుకు అప్పటికి 32 ఏండ్లు.

ఇంజను ఆగలేదు, ఈటె వచ్చెను. అట్లయిన ఆ సిద్ధపాటంతయు వ్యర్థమా? సహోదరులారా, ఒక్క సంగతి చూడుడి. వారియొద్ద తుపాకులుండెను. అయినను తమ ప్రాణరక్షణకై వౌరానీలను చంపకూడదని వారు ముందే నిశ్చయించుకొనిరి. తాము మరణమునకు సిద్ధము, వారు సిద్ధముగా లేరు అనునదే వారి తలంపు. ఆ నిశ్చయము ఈటెను చూచిన ఘడియలో పుట్టినది కాదు. అదియు నేలమీదనే నింపుకొనిన నూనె.

1958లో నేట్ సహోదరి రేచెలును, జిమ్ ఎలియట్ భార్య ఎలిసబెత్తును ఆ వౌరానీల మధ్యనే కాపురమునకు వెళ్లిరి. 1965లో నేట్ బిడ్డలిద్దరు ఆ నదిలోనే బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఎవరు? నాడు ఈటె పట్టి, పిమ్మట ప్రభువును నమ్మినవారే.

ప్రియ చదువరీ, నీ దివిటీ నేడు వెలుగుచున్నది, సంతోషము. సిద్దెలో ఏమున్నది? ఈ రాత్రి నిద్రకు పోకమునుపే చూచుకొనుము.