పాత ప్రోగ్రాములకు కొత్త యంత్రములు

యంత్రము అరిగిపోవును. దానిచేత చేయించుకొనిన పని మాత్రము అంత సులభముగా అంతరింపదు. ఒక మగ్గము పాడైనచో మరియొక మగ్గముపై అదే చీరను నేయవచ్చును. కంప్యూటరు విషయమున ఇది అంత తేలిక కాదు. ఒక రకపు కంప్యూటరు కొరకు వ్రాసిన ప్రోగ్రాము మరియొక రకపు కంప్యూటరునకు తెలియని భాష వంటిది. యంత్రము పది సంవత్సరములలో మూలబడును. దాని ప్రోగ్రాములపై ఆధారపడిన బ్యాంకు ఖాతాలు, జీతముల పట్టికలు, ప్రయోగశాలల లెక్కలు మాత్రము ఆ తరువాత కూడ కావలసియుండును. పాత ప్రోగ్రామును కొత్త యంత్రముపై నడిపించుట ఎట్లు? ఈ ప్రశ్నకు మానవుడు వెదకిన సమాధానముల చరిత్ర అరువది సంవత్సరములకు పైబడినది.

చిక్కు ఎక్కడ ఉన్నది?

కంప్యూటరులోని ప్రాసెసరునకు తెలిసినవి కొన్ని సంకేతములు మాత్రమే. ఒక సంకేతము వచ్చినచో కూడును. మరియొకటి వచ్చినచో ఒక సంఖ్యను ఒక చోటినుండి ఇంకొక చోటికి చేర్చును. ఏ సంకేతమునకు ఏ పని అను నిర్ణయము ఆ యంత్రమును రూపొందించినవారిది. ఇద్దరు రెండు విధములుగా నిర్ణయించినచో, ఒక యంత్రమున కూడికను తెలుపు సంకేతము రెండవ యంత్రమున మరేదో పనిని తెలుపును; లేదా ఏ పనిని తెలుపకపోవచ్చును.

అయినను ఈ చిక్కు విడదీయరానిది కాదని సిద్ధాంతరీత్యా 1936లోనే తేలినది. బ్రిటిష్ గణిత శాస్త్రజ్ఞుడు ఆలన్ ట్యూరింగ్ ఆ సంవత్సరము సమర్పించిన పత్రములో ఒక "సార్వత్రిక యంత్రము"ను ఊహించెను. ఏదేని గణన యంత్రము యొక్క వర్ణనను దానికి అందించినచో, ఆ యంత్రము చేయు పనిని ఇదియు చేయగలదు. అనగా తగినంత మెమరీ, తగినంత కాలము ఉన్నచో ఒక కంప్యూటరు మరియొక కంప్యూటరు వేషమును ధరింపగలదు. ఆచరణలోని కష్టమంతయు "తగినంత కాలము" అను మాటలో ఇమిడియున్నది. పాత యంత్రపు ఒక్క ఆదేశమును చదివి, అర్థము తీసి, తన ఆదేశములతో నెరవేర్చుటకు కొత్త యంత్రమునకు అనేకమైన అడుగులు పట్టును. వేషము కుదురును గాని నడక మందగించును.

1401 యంత్రము

ఈ కష్టము పెద్ద ఎత్తున ఎదురైనది అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థకు. ఆ సంస్థ 1959 అక్టోబరులో 1401 అను కంప్యూటరును ప్రకటించెను. నెలకు 2,500 డాలర్ల అద్దె మొదలుకొని ఇది లభించుటచే మధ్యతరగతి వ్యాపార సంస్థలు కూడ కంప్యూటరును తెచ్చుకొనగలిగినవి. మొత్తము మీద పదివేలకు పైగా 1401 యంత్రములు తయారైనవి. నాటి ప్రమాణములలో ఇది చాల పెద్ద సంఖ్య.

1401 యొక్క మెమరీ 1,400 నుండి 16,000 అక్షరముల వరకు మాత్రమే. అది లెక్కలను దశాంశ పద్ధతిలో, అంకె వెంట అంకెగా చేసెడిది. సంఖ్యకు ఇన్ని అంకెలే ఉండవలెనను నియమము లేదు. సంఖ్య ఎక్కడ ముగియునో తెలుపుటకు "పద చిహ్నము" అను ప్రత్యేకమైన గుర్తు ఉండెడిది. కూడిక చేయవలసినపుడు యంత్రము ఒకట్ల స్థానమునుండి బయలుదేరి, బడిపిల్లవాడు పలకపై చేసినట్లుగా, ఎడమవైపునకు జరుగుచు ఆ చిహ్నము తగులువరకు కూడుకొనుచు పోయెడిది.

ఐదు సంవత్సరములు గడచినవి. 1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. తన కంప్యూటర్లన్నిటి స్థానమున సిస్టమ్/360 అను ఒకే కుటుంబమును ప్రకటించెను. చిన్న యంత్రమునకు వ్రాసిన ప్రోగ్రాము పెద్ద యంత్రముపై కూడ నడువవలెనన్నది దాని ఆశయము. కాని ఈ కుటుంబము 1401తో ఏ మాత్రము పొత్తు లేనిది. దీనిలో ఎనిమిది బిట్ల బైట్లు, ముప్పదిరెండు బిట్ల పదములు, ద్విసంఖ్యామానములోని చిరునామాలు ఉండెను. పద చిహ్నము లేదు. వేలాది వ్యాపార సంస్థలు వ్రాయించుకొనిన ప్రోగ్రాములు ఒక్కపెట్టున చెల్లని నాణెములు కాగల ప్రమాదము ఏర్పడినది. ఎన్నో చోట్ల మూల ప్రోగ్రాము కనబడక, యంత్ర భాషలోని రంధ్రముల కార్డులు మాత్రమే మిగిలియుండెను. వ్రాసినవారు ఉద్యోగములు మారిరి. పోటీదారులును ఊరకుండలేదు. హనీవెల్ సంస్థ 1963 డిసెంబరులోనే 200 అను యంత్రమును ప్రకటించి, 1401 ప్రోగ్రాములను దానిపైకి మార్చు సాధనమునకు "విమోచకుడు" అను అర్థము గల పేరు పెట్టెను.

యంత్రములో యంత్రము

ఐ.బి.ఎం. ఇంజనీర్లకు ఉపకరించినది ఇంగ్లండులో పుట్టిన ఒక ఆలోచన. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన మారిస్ విల్క్స్ 1951లో "మైక్రోప్రోగ్రామింగ్" అను పద్ధతిని ప్రతిపాదించెను. ప్రాసెసరు ఒక ఆదేశమును నెరవేర్చుటయనగా లోపల అనేక సూక్ష్మమైన అడుగులు వేయుటయే. ఆ అడుగులను తీగలతో శాశ్వతముగా బిగించుటకు బదులు, వానిని కూడ ఒక చిన్న ప్రోగ్రాముగా వ్రాసి ప్రత్యేకమైన మెమరీలో ఉంచవచ్చునని ఆయన సూచన. సిస్టమ్/360లోని పెక్కు యంత్రములు ఈ పద్ధతిలో నిర్మింపబడినవి.

ఇక్కడనే మర్మము ఉన్నది. ఆ సూక్ష్మ ప్రోగ్రామునకు తోడుగా రెండవ దానిని వ్రాసి పెట్టినచో, అదే యంత్రము 1401 ఆదేశములను సూటిగా గ్రహింపగలదు. పైనుండి చేయు అనువాదము వలె కాక, యంత్రమే రెండు భాషలు తెలిసినదగును. ఈ విధానమునకు ఐ.బి.ఎం. ఇంజనీర్లు "ఎమ్యులేషన్" అని పేరిడిరి. 360 కుటుంబములోని చిన్న యంత్రమైన మోడల్ 30 ఈ విధముగా 1401 వేషమును ధరించెను. 1401లో ఒక అక్షరమును మెమరీనుండి తీసి మరల ఉంచుటకు 11.5 మైక్రోసెకన్లు పట్టెడిది. మోడల్ 30లో ఒక బైటుకు 1.5 మైక్రోసెకన్లు చాలెను. ఈ వేగము మూలమున, వేషములో ఉండి కూడ కొత్త యంత్రము పాత ప్రోగ్రామును అసలు 1401 కంటె త్వరగా నడిపినది.

ఫలితమేమి? సంస్థలు నిర్భయముగా కొత్త యంత్రములను తెచ్చుకొనినవి. ప్రోగ్రాములను తీరికగా తిరిగి వ్రాసికొనవచ్చునని అందరును తలచిరి. కాని నడుచుచున్న బండిని ఆపి మరమ్మతు చేయించువారు అరుదు. కొత్త యంత్రములను కొనియు ఏండ్ల తరబడి వానిని పాత వేషములోనే నడిపించినవారు ఎందరో కలరు.

అనువాదకుని రెండు పద్ధతులు

తరువాతి కాలమున ప్రాసెసర్ల వేగము పెరుగుటచే, సూక్ష్మ ప్రోగ్రాము సహాయము లేకుండ సాధారణ ప్రోగ్రాము చేతనే ఈ వేషధారణ సాధ్యమైనది. దీనిలో రెండు పద్ధతులు కలవు. మొదటిది సభలో ఉపన్యాసమును వాక్యము వెంట వాక్యముగా తెలుగు చేసి చెప్పువాని పద్ధతి. పాత ఆదేశమును చదువుట, నెరవేర్చుట, తరువాతి దానికి పోవుట. అదే ఆదేశము వేయిసార్లు వచ్చినచో వేయిసార్లును అర్థము తీయవలసినదే. రెండవది గ్రంథమును అనువదించి ఉంచుకొనువాని పద్ధతి. పాత ఆదేశముల సముదాయమును ఒకసారి కొత్త ఆదేశములుగా మార్చి దాచుకొని, మరల అవసరమైనపుడు ఆ అనువాదమునే వాడుట. ఇది వేగవంతమైనది.

ఆపిల్ సంస్థ తన మాకింటాష్ కంప్యూటర్లలో ప్రాసెసరు జాతిని మూడుసార్లు మార్చెను. 1994లో మోటరోలా 68000 జాతినుండి పవర్‌పీసీకి, 2006లో ఇంటెల్‌కు, 2020లో ఆర్మ్ జాతికి మారినపుడెల్ల పాత ప్రోగ్రాములకు ఇట్టి అనువాదకుని సమకూర్చెను. అయితే అనువాదకుడు శాశ్వతముగా ఉండవలెనను నియమము లేదు. 2006నాటి "రోసెట్టా" 2011లో వచ్చిన వ్యవస్థలో తొలగింపబడినది. దానితో పవర్‌పీసీ ప్రోగ్రాములు ఆ వ్యవస్థలో మూగవోయినవి.

వేగమే విఘ్నమైనపుడు

కొత్త యంత్రము పాత భాషను ఎరిగియున్నను ప్రోగ్రాము నడువకపోవచ్చును. దీనికి విద్యార్థులు లెక్కకట్టి చూడదగిన ఉదాహరణ ఒకటి కలదు. టర్బో పాస్కల్ అను సాధనముతో వ్రాసిన ప్రోగ్రాములు పెక్కు, మొదలు కాగానే యంత్రపు వేగమును కొలిచెడివి. గడియారపు ఒక టిక్కులో, అనగా సుమారు 55 మిల్లీసెకన్లలో, ఒక చిన్న ఆవృత్తి ఎన్నిసార్లు జరిగినదో లెక్కించి, ఆ సంఖ్యను 55తో భాగించెడివి. వచ్చిన భాగఫలము పదునారు బిట్లలో పట్టవలెను. అనగా 65,535కు మించరాదు. ఇది జరుగవలెనన్న ఆవృత్తుల సంఖ్య సుమారు 36 లక్షలు దాటరాదు.

ప్రోగ్రాము వ్రాసిన నాటి యంత్రములు ఆ హద్దునకు ఎంతో దూరమున ఉండెను. 1990ల రెండవ సగమున వచ్చిన ప్రాసెసర్లు ఆ హద్దును దాటినవి. భాగఫలము పట్టకపోగా ప్రాసెసరు దానిని సున్నతో భాగించినపుడు కలుగు దోషము వలెనే పరిగణించెను. 200వ సంఖ్య గల దోషమని తెలిపి ప్రోగ్రాము ఆగిపోయెడిది. యంత్రము చెడిపోవుటచేత కాదు, మరీ బాగుగా పనిచేయుటచేతనే ప్రోగ్రాము చెడినది! అందుచేత మంచి ఎమ్యులేటరు పాత యంత్రపు ఆదేశములను మాత్రమే కాక దాని నెమ్మదిని కూడ అనుకరింపవలసియుండును. డాస్ కాలపు ప్రోగ్రాముల కొరకు 2002లో వెలువడిన డాస్‌బాక్స్‌లో వేగమును తగ్గించు సదుపాయము ఉండుటకు కారణము ఇదియే.

తొమ్మిది వందల ఏండ్లు, పదునారేండ్లు

ఇంగ్లండు రాజు మొదటి విలియమ్ ఆజ్ఞపై 1086లో ఆ దేశపు భూములను సర్వే చేసి వ్రాసిన గ్రంథము "డూమ్స్‌డే బుక్". దానికి 900 ఏండ్లు నిండిన సందర్భమున, 1986లో, బి.బి.సి. ఒక కొత్త డూమ్స్‌డేను సిద్ధపరచెను. పది లక్షలకు పైగా ప్రజలు, వారిలో పెక్కుమంది బడిపిల్లలు, తమ ఊళ్ల విశేషములను వ్రాసి పంపిరి. అవి లేజరు డిస్కులపై, ఒక ప్రత్యేకమైన కంప్యూటరుతో మాత్రమే చదువదగిన రీతిలో భద్రపరుపబడినవి. పదునైదేండ్లు తిరుగకముందే ఆ కంప్యూటరు, ఆ డిస్కు యంత్రము దుర్లభములైనవి. చర్మపత్రముపైని పాత గ్రంథమును చదువుటకు కన్నులు, లాటిను భాషా పరిచయము చాలును. కొత్త దానిని చదువుటకు మాత్రము యంత్రము లేదు. తుదకు లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు 2002లో ఆ పాత వ్యవస్థకు ఎమ్యులేటరును నిర్మించి అందలి విషయమును తిరిగి చూపగలిగిరి.

తెలుగు వ్రాతలకు కూడ ఇట్టి గండము కలదు. యూనికోడ్ వ్యాప్తిలోనికి రాకముందు తెలుగు అచ్చుపనికి వాడిన ఫాంట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క సంకేత పద్ధతిని అనుసరించినవి. ఆనాడు కూర్చిన పుస్తకపు ఫైలును ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేరు లేని కంప్యూటరులో తెరచినచో తెలుగునకు బదులు అర్థము లేని ఇంగ్లీషు అక్షరములు కనబడును. ఫైలు చెక్కుచెదరలేదు, దానిని చదువు విద్యయే పోయినది.

దోషములును నిలుచును

ఎమ్యులేటరు ప్రోగ్రాములోని గుణములతోపాటు దోషములను కూడ యథాతథముగా కాపాడును. 80 నిలువు వరుసల కార్డులు, కొద్దిపాటి మెమరీ ఉన్న కాలమున ఆదా కొరకు సంవత్సరమును రెండే అంకెలతో వ్రాయు అలవాటు ఏర్పడినది. యంత్రములు మారినను ఆ అలవాటు ప్రోగ్రాములలో నిలిచిపోయినది. 2000 సంవత్సరమును యంత్రములు 1900గా పొరబడునను భయము 1990ల చివర ప్రపంచమును కలవరపరచెను. పాత కోబాల్ ప్రోగ్రాములను వరుస వెంట వరుసగా చదివి సరిదిద్దిన వారిలో హైదరాబాదులో కోబాల్ నేర్చుకొని దేశవిదేశములకు వెళ్లిన తెలుగు యువకులు ఎందరో కలరు. తాము పుట్టక మునుపు వ్రాసిన లెక్కలను కూడ వారు విప్పి చూడవలసివచ్చెను.

కావున పాత ప్రోగ్రామును నడిపించుట ఒక పని, దానిని అర్థము చేసికొనుట మరియొక పని. మొదటి దానిని యంత్రము చేయగలదు. రెండవది మనుష్యుడే చేయవలెను. కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియములో రెండు 1401 యంత్రములను స్వచ్ఛంద సేవకులు బాగుచేసి నడిపించిరి. ఆ పనికి వారికి తోడ్పడినవి ఆనాటి ఇంజనీర్ల అనుభవము, వారు వ్రాసియుంచిన పటములు. ప్రోగ్రామును వ్రాయు విద్యార్థి దాని ప్రక్కనే అది ఏమి చేయుచున్నది, ఎందుకు అట్లు చేయుచున్నది, సమాచారమును ఏ రూపమున దాచుచున్నది అను సంగతులను నాలుగు మాటలలో వ్రాసి ఉంచినచో, రాబోవు తరమువారికి సగము శ్రమ తప్పును. ఈ అలవాటును నేర్పుటకు పాఠశాలలోని కంప్యూటరు తరగతియే తగిన చోటు.