చిన్న కారు ఇంజనుకు తక్కువ ఖర్చులో టర్బో అమర్చడం

కంపెనీ నుంచి టర్బో లేకుండా వచ్చిన చిన్న పెట్రోల్ ఇంజనుకు తర్వాత టర్బోచార్జర్ తగిలించి బలం పెంచుకునే పని. ఇంజను పరిమాణం ఎక్కువగా 0.8 నుంచి 1.8 లీటర్ల మధ్య ఉంటుంది. ‘తక్కువ ఖర్చు’ అన్నదానికి స్థిరమైన హద్దు లేదు. తుక్కుకు వెళ్లిన కారులోంచి విప్పిన టర్బో, లేత్ మీద తీయించిన ఫ్లాంజులు, సొంత చాకిరీ కలిసిన పనిని అలా అనడం వాడుక. అమెరికాలో గ్రాస్‌రూట్స్ మోటార్‌స్పోర్ట్స్ పత్రిక నడిపే పోటీలో కారుతో కలిపి మొత్తం ఖర్చు సుమారు 2,000 డాలర్లకు మించకూడదని నిబంధన. ఇంత బిగుతైన లెక్క అందరూ పాటించరు.

ఈ పని గురించి వచ్చిన రాతల్లో జపాన్ మాజ్డా ఎం.ఎక్స్-5 మొదటి తరం కారు ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది. దాని గురించి కొలతలతో కూడిన సమాచారం కూడా ఎక్కువే. అందుకే ఈ వ్యాసంలోని వివరాలు చాలావరకు ఆ కారువే.

పూర్వరంగం

స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు కోరిన నాటి నుంచి టర్బో చరిత్రను లెక్కిస్తారు. ఓడల డీజిల్ ఇంజన్లు, విమానాల మీదుగా అది కార్లకు చేరేసరికి 1962 వచ్చింది. టర్బోతో అమ్మిన మొదటి కారు ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైరా, షెవర్లే కోర్వేర్ మోంజా స్పైడరా అన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. రెండూ జనరల్ మోటార్స్ కార్లే, రెండూ ఆ ఏడాది వసంతంలోనే వచ్చాయి. కొన్ని వారాల తేడాతో జెట్‌ఫైర్ ముందన్న మాట ఎక్కువగా వినబడుతుంది.

ఈ వ్యాసానికి మాత్రం కోర్వేరే ముఖ్యం. జెట్‌ఫైర్ 10.25:1 కంప్రెషన్‌తో వచ్చింది. నాకింగ్ (సిలిండరులో పెట్రోలు అదుపు తప్పి పేలడం) రాకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మే ఏర్పాటు అందులో ఉండేది. యజమానులు ఆ సీసా నింపడం మరిచిపోవడంతో చిక్కులు వచ్చాయి, 1963 మోడల్‌తోనే ఆ కారు ఆగిపోయింది. కోర్వేర్‌లో కంప్రెషన్‌ను 8:1కి తగ్గించారు, టర్బో పెంచే గాలి పీడనాన్ని, అంటే బూస్ట్‌ను, అదుపు చేసే వేస్ట్‌గేట్ పెట్టనేలేదు. సైలెన్సర్, కార్బురేటర్ కలిగించే అడ్డంకితోనే బూస్ట్ అదుపులో ఉండేలా చూశారు. తర్వాతి కాలంలో పాత కోర్వేర్ టర్బోలను విప్పి వేరే చిన్న ఇంజన్లకు తగిలించిన ఔత్సాహికులు ఇదే దారి పట్టారు. కంప్రెషన్ తగ్గించాకే టర్బో అన్న సూత్రం వారి ద్వారానే స్థిరపడినట్టు తోస్తుంది.

1980లలో జపాన్ కంపెనీలే చిన్న ఇంజన్లకు టర్బో పెట్టాయి. 1987లో వచ్చిన సుజుకి ఆల్టో వర్క్స్‌లో 543 సి.సి. ఇంజను 64 పి.ఎస్. ఇచ్చేది. 1986 తర్వాతి మారుతి 800 ఈ తరం ఆల్టో ఆధారంగానే వచ్చిందన్న సంగతి మన దేశంలోని ఔత్సాహికులకు బాగా తెలుసు. అయితే పోలిక బాడీ దగ్గరే ఆగుతుంది. వర్క్స్‌కు సిలిండరుకు నాలుగు వాల్వులు, ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఉండేవి. మన 800కు చాలా ఏళ్లు కార్బురేటరే గతి.

ఎం.ఎక్స్-5 ఉదాహరణ

1989లో వచ్చిన ఈ రెండు సీట్ల కారులో 1.6 లీటర్ల బి6 ఇంజను ఉండేది. కంప్రెషన్ 9.4:1. శక్తి అమెరికాలో 116 హెచ్.పి., జపాన్‌లో 120 పి.ఎస్. అని ప్రకటించారు. ఇదే కుటుంబానికి చెందిన ఇంజనును మాజ్డా 1985లోనే టర్బోతో 323 కారులో వాడింది. అక్కడ కంప్రెషన్ 7.9:1. కాబట్టి ఎం.ఎక్స్-5 ఇంజను కింది భాగం టర్బోను మోయగలదన్న ధీమా మొదటి నుంచీ ఉంది. పై భాగంలోని కంప్రెషన్ సంగతే వాదానికి దారితీసింది.

పాత మార్గదర్శకాల ప్రకారం పిస్టన్లు మార్చాలి, లేదా మందపాటి హెడ్ గ్యాస్కెట్ వేసి కంప్రెషన్ తగ్గించాలి. కార్కీ బెల్ 1997లో ప్రచురించిన ‘మాగ్జిమమ్ బూస్ట్’ ఈ రంగంలో బాగా చదివే పుస్తకం. ఆ కాలం నుంచీ తక్కువ బూస్ట్‌కు అసలు కంప్రెషన్‌ను ముట్టుకోనక్కర్లేదన్న వాదన బలపడుతూ వచ్చింది. 2004లో మాజ్డాయే టర్బోతో అమ్మిన మాజ్డాస్పీడ్ ఎం.ఎక్స్-5లో 1.8 లీటర్ల ఇంజను కంప్రెషన్ 9.5:1గానే ఉంది, శక్తి 178 హెచ్.పి. కంపెనీయే అంత కంప్రెషన్‌తో టర్బో కారు అమ్మాక రెండో వాదానికే మొగ్గు చూపవలసి వస్తుంది. మందపాటి గ్యాస్కెట్‌తో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పిస్టన్ పైకి వచ్చినప్పుడు అంచుల దగ్గర గాలిని మధ్యకు నెట్టే సన్నని సందు వెడల్పవుతుంది, దహనం మందగిస్తుంది. నాకింగ్ తగ్గించాలని చేసిన పనే దానికి తావిస్తుంది.

టర్బో ఎంపిక

ఒక పౌండు గాలి నిమిషానికి లోపలికి వెళ్తే సుమారు 10 హెచ్.పి. వస్తుందన్నది వాడుకలో ఉన్న ఉజ్జాయింపు. 150 హెచ్.పి. కావాలంటే నిమిషానికి 7 కిలోల దాకా గాలి పంపగలిగేది చాలు. నిస్సాన్ సిల్వియా, మిత్సుబిషి ఎక్లిప్స్‌లలో వచ్చిన గారెట్ టి25, సుబారు డబ్ల్యు.ఆర్.ఎక్స్.లోని టి.డి.04 ఈ కొలతకు సరిపోతాయి. అందుకే తుక్కు మార్కెట్లో వీటికి గిరాకీ. పెద్దది తెస్తే పైన బలం ఉంటుంది గాని కింది ఆర్.పి.ఎం.లో పికప్ రాదు.

మన దేశంలో సులువుగా దొరికేవి డీజిల్ కార్ల టర్బోలు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత కార్ల సామాన్లతో పాటు ఇవీ చేతికి వస్తాయి. అయితే డీజిల్ పొగ వేడి 800 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ ఉంటే, పూర్తి లోడు మీద పెట్రోల్ ఇంజను పొగ 950 డిగ్రీలు దాటవచ్చు. డీజిల్ కోసం పోసిన టర్బైన్ గూడు ఆ వేడికి ఎక్కువ కాలం నిలవదు. కదిలే రెక్కలున్న రకమైతే ముందు అవే బిగుసుకుపోతాయి.

పాత టర్బోను చూసేటప్పుడు షాఫ్టును పక్కకు ఊపితే కొద్దిగా కదలడం సహజం, నూనె పొర మీద తేలే బేరింగు కనుక. ముందుకూ వెనక్కూ కదిలితే మాత్రం తీసుకోకూడదు. కంప్రెసర్ రెక్కలు గూటికి ఒరుసుకున్న గీతలుంటే ధర ఎంత తగ్గించినా దండగ.

మానిఫోల్డ్, నూనె గొట్టాలు

చవక పనిలో మానిఫోల్డును మందపాటి మైల్డ్ స్టీలు ఎల్బోలతో వెల్డ్ చేస్తారు. పలచని స్టెయిన్‌లెస్ గొట్టం చూపుకు బాగుంటుంది గాని టర్బో బరువును వేడిలో మోస్తూ వెల్డింగ్ దగ్గర పగులుతుంది. హెడ్డుకు ఆనే ఫ్లాంజు కనీసం 10 మిల్లీమీటర్ల మందం ఉండాలి. అప్పటికీ వెల్డింగ్ వేడికి వంగుతుంది కనుక చివర్లో సర్ఫేస్ గ్రైండింగ్ తప్పదు. ట్రాక్ మీద గట్టిగా నడిపే ఎం.ఎక్స్-5లలో మానిఫోల్డుకూ టర్బోకూ మధ్య ఉండే స్టడ్లు వదులవడం తరచుగా నమోదైన బాధ. మామూలు ఉక్కు స్టడ్లు వేడికి సాగుతాయి. వేడికి ఓర్చే ఇన్‌కొనెల్ మిశ్రలోహపు స్టడ్లు వేశాక అది తగ్గింది.

టర్బోకు నూనె వెళ్లే దారి సులువే. ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర టీ ఆకారపు జాయింటు పెట్టి సన్నని గొట్టంతో తీసుకుంటారు. చాలామంది పాడుచేసేది తిరుగు దారిని. బేరింగు దాటాక నూనెకు పీడనం ఉండదు, నురగతో కలిసి తన బరువుతోనే కిందికి జారాలి. గొట్టం లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, ఎక్కడా పైకి లేవకూడదు, సంప్‌లో నూనె మట్టానికి పైనే కలవాలి. మట్టం కింద కలిపితే నూనె టర్బోలోనే నిలిచి సీళ్లు దాటి పొగగొట్టంలోకి చేరుతుంది. సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తుంది. టర్బో పోయిందనుకుని దాన్ని మార్చేస్తారు, కొత్తదీ అలాగే పొగ తోస్తుంది.

పెట్రోలు, స్పార్క్

టర్బో ధర మొత్తం ఖర్చులో చిన్న భాగమే. అసలు ఖర్చు పెట్రోలును, ఇగ్నిషన్‌ను అదుపు చేయడంలో ఉంది. పొదుపు కోసం దీన్ని వదిలేసిన చోటే ఇంజన్లు పోతాయి. 150 హెచ్.పి. దగ్గర బూస్ట్ మీద నడిచే ఇంజను గంటకు సుమారు 55 లీటర్ల పెట్రోలు తాగుతుంది. నాలుగు ఇంజెక్టర్లకు పంచి, ఒక్కోటి 85 శాతానికి మించి తెరిచి ఉండకూడదనుకుంటే నిమిషానికి 270 సి.సి. చిమ్మేవి కావాలి. 116 హెచ్.పి. కోసం ఎంచిన అసలు ఇంజెక్టర్లు ఇక్కడ చాలవు.

1990లలో దీనికి చవక మందుగా బూస్ట్ పెరిగే కొద్దీ ఇంధన పీడనాన్ని అంతకంటే వేగంగా పెంచే రెగ్యులేటరు వాడేవారు. అయితే ఇంజెక్టరు ప్రవాహం పీడనం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. పీడనం రెట్టింపు చేసినా పెట్రోలు 41 శాతమే ఎక్కువ వస్తుంది. పంపు ఆ పీడనానికి తట్టుకోలేకపోతే అదీ రాదు. పైగా 1.6 ఎం.ఎక్స్-5లో గాలిని కొలిచేది రెప్పలా తెరుచుకునే మీటరు. అది పూర్తిగా తెరుచుకున్నాక ఎంత గాలి వచ్చినా కంప్యూటరుకు తెలియదు.

2001లో అమెరికన్లు బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో రూపొందించిన మెగాస్క్విర్ట్ ఈ పరిస్థితిని మార్చింది. విడిభాగాలు కొని సొంతంగా టంకం వేసుకునే ఇంజను కంప్యూటరు ఇది. మొదట పెట్రోలును మాత్రమే అదుపు చేసేది, తర్వాత ఇగ్నిషన్ కూడా చేరింది. దీనితో పాటు వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ ఉంటే బూస్ట్ మీద గాలి, పెట్రోలు నిష్పత్తి 11.5 నుంచి 12 మధ్య ఉందో లేదో కళ్లతో చూడవచ్చు. స్పార్కును ఒక పి.ఎస్.ఐ. బూస్ట్‌కు ఒక డిగ్రీ చొప్పున ఆలస్యం చేయాలన్నది పాత లెక్క. మొదలుపెట్టడానికి పనికొస్తుంది గాని ప్రతి ఇంజనుకూ ఒప్పదు. స్పార్క్ ప్లగ్గు పింగాణీ మీద వెండి రవ్వల్లాంటి చుక్కలు కనబడితే పిస్టన్ అల్యూమినియం రాలుతోందని అర్థం. నాకింగ్ చెవికి వినబడకపోయినా అక్కడ రాసి ఉంటుంది.

వేడి

0.4 బార్ బూస్ట్, కంప్రెసర్ సామర్థ్యం 65 శాతం అనుకుంటే 25 డిగ్రీల గాలి 71 డిగ్రీలై బయటికి వస్తుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయటే 45 డిగ్రీలుంటే అది 94 అవుతుంది. చల్లని దేశాల్లో తక్కువ బూస్ట్‌కు ఇంటర్‌కూలర్ అక్కర్లేదన్న సలహాను ఇక్కడ యథాతథంగా తీసుకోలేం. మన బంకుల్లో చాలాకాలం దొరికిన మామూలు పెట్రోలు 91 ఆక్టేన్ కావడం మరో కారణం. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలుతో నాకింగ్ బెడద కొంత తగ్గుతుంది. కాని పూర్తి దహనానికి ఒక పాలు పెట్రోలుకు కావలసిన గాలి 14.7 పాళ్ల నుంచి సుమారు 13.5కు దిగుతుంది కనుక ఇంజెక్టర్ల మీద భారం పెరుగుతుంది.

ఎం.ఎక్స్-5కు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. బి6 మొదట 323లో అడ్డంగా అమర్చిన ఇంజను. దాన్ని నిలువుగా తిప్పినప్పుడు బానెట్ కింద చోటు కోసం నీళ్లు బయటికి వచ్చే దారిని హెడ్డు వెనక నుంచి ముందుకు మార్చారు. నీళ్లు ముందు నుంచే లోపలికి వెళ్లి ముందు నుంచే బయటికి రావడంతో నాలుగో సిలిండరుకు చల్లదనం తగ్గింది. మామూలు వాడకంలో తేడా తెలియదు. టర్బో వేశాక ఆ దారిని మళ్లీ వెనక్కు తిప్పడం ట్రాక్ కార్లలో ఆనవాయితీ అయింది.

ఎంతవరకు

అసలు కనెక్టింగ్ రాడ్లు ఎంత మోస్తాయన్న దానిపై లెక్కలు కలవవు. కొందరు చక్రాల దగ్గర 200 హెచ్.పి. అంటారు, కొందరు 250. రాడ్డును వంచేది హెచ్.పి. కాదు, తక్కువ ఆర్.పి.ఎం.లో ఒక్కసారిగా వచ్చే టార్క్. కనుక టార్క్‌తో చెప్పిన హద్దులనే నమ్మడం మేలు. ఇంజను కంటే ముందు క్లచ్ జారుతుంది. 1.6 కారు వెనక డిఫరెన్షియల్ బలహీనమన్నది అందరూ ఒప్పుకున్నదే, 1.8 కారుది తెచ్చి వేస్తారు. మొదటి రెండేళ్ల కార్లలో క్రాంక్‌షాఫ్టు ముందు చివర కీ గాడి అరిగే లోపం ఉంది. చవకగా దొరికాయని అలాంటివి కొనేముందు ఆ చివరనున్న పుల్లీ ఊగుతోందేమో చూడాలి.

చట్టం

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్.సి.లోని వివరాలు కంపెనీ నిర్దేశాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో చేరిన 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అమెరికాలో కాలుష్య నిబంధనలదే పెత్తనం. కాలిఫోర్నియాలో రాష్ట్ర వాయు మండలి మినహాయింపు సంఖ్య ఉన్న కిట్లకే రోడ్డు మీద చెల్లుబాటు.

పోటీల్లో మరో లెక్క ఉంది. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య నిబంధనల్లో టర్బో పెట్రోల్ ఇంజను పరిమాణాన్ని 1.7తో హెచ్చవేసి తరగతి నిర్ణయిస్తారు. ఆ ప్రకారం 1,600 సి.సి. ఇంజనుకు టర్బో తగిలిస్తే అది 2,720 సి.సి. కింద లెక్కకు వస్తుంది.